మెగ్గీ ఆగిన చోటు

అనగనగా ఒక ఊరు. అది మన వైపు ఊరు కాదు పిల్లలూ, సముద్రాలకు అవతల, అమెరికా దేశంలో ఉండేది. పేరు విల్లోఫోర్డ్. మీ తాతమ్మలు పసిపిల్లలుగా ఉన్ననాటి మాట ఇది.

ఆ రోజుల్లో అక్కడ జనాన్ని నిద్రలేపేది పాలబండి. టకటకమని గిట్టల చప్పుడు, గలగలమని డబ్బాల చప్పుడు. ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు. పాల వర్తకుడు సైలస్ పెల్ మూత తీసి, పాలు పోసి, మూత టప్పున వేసేవాడు. ఆ చప్పుడు వినగానే గుర్రం మెగ్గీ తనంతట తానే తర్వాతి గుమ్మానికి కదిలేది. పెల్ బండిలో కునుకు తీసినా సరే, ఒక్క గుమ్మం తప్పేది కాదు. ఎంత ముచ్చటగా ఉండేదో ఆ వీధి!

అదే వీధిలో బట్టలు కుట్టుకు బతికే నోరా అనే తల్లి ఉండేది. ఆమె కూతురు ఎల్సీకి వేసవి వచ్చిందంటే వాంతులు, జ్వరం. కిందటేడు ఎదురింటి పసివాడు ఇలాగే పోయాడు.

వైద్యుడు పాలగిన్నె వాసన చూసి, ముఖం చిట్లించాడు. "ఇవి మంచి పాలు కావమ్మా. ఇవే పోస్తూ ఉంటే నీ బిడ్డ ఈ వేసవి దాటదు."

దాటదంటే నోరా ఏం చేస్తుంది? ఊరంతటికీ పాలు పోసేది పెల్ ఒక్కడే.

మొదట నోరా పెల్‌నే అడిగింది. "అయ్యా, రైలుస్టేషన్లో దిగేటప్పుడు పాలు చిక్కగా ఉంటాయట. మా గుమ్మానికి వచ్చేసరికి ఇలా పలచబడతాయేం?"

పెల్ పకపకా నవ్వాడు. "ఏమ్మోయ్, సూది పట్టేదానివి, పాల సంగతి నీకేం తెలుసు? నా మెగ్గీకున్న తెలివైనా లేదే నీకు! కళ్లాలు వదిలేసినా అది స్టేషన్ నుంచి నీ గుమ్మం దాకా నడిచి వస్తుంది, తెలుసా?"

రెండోసారి నోరా మేయరు దగ్గరకు వెళ్లింది. ఆయన పెల్ స్నేహితుడు.

"నీకు ఓటుందా అమ్మా?" అన్నాడు చుట్ట కాలుస్తూ.

"లేదండీ. ఆడవాళ్లకు లేదు కదా."

"మరి మీ ఆయన్ని పంపు."

"ఆయన గనిలో పోయాడండీ."

మేయరు కిటికీలోంచి బయటకు చూశాడు. చేత్తో తలుపు చూపించాడు.

ఆ దారిన ఇంటికి నడుస్తూ నోరా ఆలోచించింది. పాలకు ఏం జరుగుతోందో పెల్‌కి తెలుసు, కానీ చెప్పడు. ఇంకెవరికి తెలుసు? ఆమె అడుగు టక్కున ఆగిపోయింది. మెగ్గీకి తెలుసు!

మూడోసారి నోరా ఒంటరిగా వెళ్లలేదు. వీధిలో తల్లులందరూ బిడ్డల్ని చంకనేసుకుని నగరసభకు కదిలారు. ఆ ఏడుపులకు సభలో ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

"మాకు ఓటు లేదు, నిజమే," అంది నోరా. "ఒక్క కోరిక తీర్చండి చాలు. రేపు పొద్దున్న మేయరుగారు పాలబండి ఎక్కాలి. కళ్లాలు ఎవరూ పట్టకూడదు. మెగ్గీ తెలివి మీద పెల్‌గారికి నమ్మకమే కదా!"

నలుగురిలో కాదంటే పరువేం కాను? "ఓస్, అంతేనా!" అన్నాడు మేయరు పక్కనే కూర్చున్న పెల్.

తెల్లవారింది. స్టేషన్లో మేయరు బండెక్కాడు. పెల్ పక్కన కూర్చున్నాడు, కళ్లాలు ఒళ్లో పడేసి. వెనుక నోరా, తల్లులు నడిచారు. మెగ్గీ హాయిగా నడిచింది. వంతెన దిగింది. వీధివైపు తిరగాల్సింది కాలవగట్టు వైపు తిరిగింది. తోళ్ల కార్ఖానా మురుగు కలిసే కాలవ అది. నీటి ఒడ్డున ఠక్కున ఆగింది.

"హేయ్, పద!" పెల్ కేకేశాడు. మెగ్గీ చెవి విదిలించింది, అంతే. "పదవే, ముదనష్టపుదానా!" ఊహూ. రోజూ జరిగేది ఇంకా జరగలేదుగా మరి!

నోరా బండి దగ్గరకు వచ్చింది. పాలడబ్బా మూత ఎత్తింది, టప్పున వేసింది.

మెగ్గీ బుద్ధిగా కదిలి, వీధివైపు నడిచింది.

"ఆపండి!" అని అరిచి మేయరు కిందికి దూకాడు. వంగి బండి కింద చూశాడు. అక్కడ ఒక బకెట్ వేలాడుతోంది. అందులో కాలవ బురద, పక్కన సంచిలో నీళ్లు కలిపిన పాలను తెల్లగా చూపించే సుద్దపొడి. మేయరు చుట్ట నోట్లోంచి జారిపడింది. ఆ పాలే ఆయన మనవడూ తాగుతున్నాడు.

పెల్ వ్యాపారం ఆ పూటతో మూతపడింది. పాలను పరీక్షించాకే అమ్మాలని సభ చట్టం చేసింది. ఎల్సీ ఆ వేసవి దాటింది, ఆ తర్వాత ఎన్నో వేసవులు దాటింది. కొన్నేళ్లకు ఆడవాళ్లకు ఓటు వచ్చిన నాడు, తల్లి చెయ్యి పట్టుకుని ఓటు వేయడానికి తీసుకెళ్లింది కూడా.

మెగ్గీ కొత్త వర్తకుడి బండి లాగింది. ముసలిదయ్యేవరకూ రోజూ కాలవగట్టున ఆగేది. కొత్తాయన విసుక్కునేవాడు కాదు. కిందికి దిగి, దాని మెడ నిమిరి, ఖాళీ డబ్బా మూత ఒకసారి టప్పున వేసేవాడు. ఇప్పుడా ఊళ్లో పాలబండీ లేదు, గిట్టల చప్పుడూ లేదు. ఆ మలుపును మాత్రం పెద్దవాళ్లు ఇంకా 'మెగ్గీ ఆగిన చోటు' అనే అంటారు.

కాబట్టి పిల్లలూ, రోజూ చేసే మోసం ఏదో ఒకనాడు తన చోటు తానే చూపిస్తుంది; ధైర్యంగా అడిగేవాళ్లు పక్కన నిలబడి ఉండాలి, అంతే.