ఎక్కిళ్ళ దొంగ

పూర్వం ఒక రాజుగారి కొలువుకి వచ్చిన తెల్లదొర, ఎక్కిళ్ళని తమ దేశంలో ‘హికప్’ అంటారని చెప్పాడు. ఆస్థాన పండితుడు సోమయాజులు భగ్గుమన్నాడు.

"అది మన సంస్కృతంలోని ‘హిక్క’! మాట దొంగిలించిన వీణ్ణి ఖైదులో వేయించండి, ప్రభూ!" అని అరిచి అరిచి ఆయనకే ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

కొలువులో అందరికీ మజ్జిగ పోస్తున్న దాసి చెంచమ్మకి బిక్కమొహం వేసిన దొరని చూస్తే జాలేసింది. పిల్లలకి ఎక్కిళ్ళొస్తే ఏదో దొంగతనం అంటగట్టి, ఉలిక్కిపడేలా చేసి ఆపడం ఆమెకి అలవాటే.

"అయ్యగారూ, ఆ ఎక్కిళ్ళు ఎవరింట్లోంచి ఎత్తుకొచ్చారు?" అని గద్దించింది.

"ఎత్తుకురావడమేమిటే! నా గొంతులోంచి వాటంతటవే వచ్చాయి!" అన్నాడు పండితుడు బిత్తరపోయి. ఎక్కిళ్ళు ఠక్కున ఆగిపోయాయి.

"దొరగారికీ గొంతుంది కదయ్యా, అదీ ‘హిక్’ మనే అంటుంది," అంది చెంచమ్మ మెల్లగా.

రాజుగారు ఖైదు మాట పక్కనపెట్టి, దొరకి మజ్జిగ పొయ్యమన్నారు.