మోకాళ్ల చెక్క

బ్రదర్ ఓబేర్‌కి ఒకటే బాధ. ద్రాక్షతోట గోడకి గీత సిద్ధంగా ఉంది, రాళ్లు సిద్ధంగా ఉన్నాయి, వసంతం రాగానే మేస్త్రీలు వస్తారు. గురువుగారు మాత్రం ఊఁ అనడం లేదు.

పోనీ, వద్దని కూడా అనడం లేదు. అంటే వాదించుకోవచ్చు.

ఇది ఎనిమిది వందల ఏళ్ల కిందటి మాట. ఫ్రాన్సు దేశంలో బర్గండీ సీమ. అక్కడొక కొండవాలు, వాలు కింద తెల్లంగీల సన్యాసుల మఠం. మొదట వచ్చిన పన్నెండు మంది సన్యాసులకు ఒక ప్రభువు పుణ్యానికని ఇచ్చిన నేల అది. బురదా ముళ్లపొదలూ తప్ప మరేమీ లేకపోబట్టే ఇచ్చాడు. వాళ్లు బురద ఎండగట్టి, పొదలు కొట్టి, వాలంతా ద్రాక్ష నాటారు. నూరేళ్లు తిరిగేసరికి ఒక సంగతి బయటపడింది. ఒకే తీగ, ఒకే ఎండ, ఒకే వాన. అయినా ఇరవై అడుగులు పక్కకి జరిగితే వైను రుచి మారిపోతోంది. అప్పటినుంచి వాలుని చెక్కలుగా విడదీసి, ప్రతి చెక్కకీ ఒక పేరు పెట్టి, దేని పంట దాని పీపాలోనే పోసేవారు. మఠంలో కొత్తగా చేరినవాడికి ప్రార్థనల కన్నా ముందు మన్ను నాలిక మీద వేసుకోవడం నేర్పుతారని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు నవ్వుకునేవారు. అందులో అబద్ధం కొంచెమే.

ఆ పీపాలున్న నేలమాళిగని బ్రదర్ ఎవ్రార్ నలభై ఏళ్లు చూసుకున్నాడు. మోకాళ్లు మొరాయించాక మెట్లు దిగడం మానేశాడు. మూడేళ్లుగా పనంతా శిష్యుడు ఓబేర్‌దే. తాళాలు మాత్రం మఠాధిపతి నడుముకి వేలాడుతుండేవి. ఓబేర్ రోజూ పొద్దున్నే వెళ్లి అడిగి తీసుకోవాలి, సాయంత్రం మళ్లీ అప్పజెప్పాలి. నలభై రెండేళ్ల మనిషికి అది చిన్నతనంగా ఉండేది. గోడకి మొదటి రాయి పడిన రోజున తాళాలు నీవేనని మఠాధిపతి అందరి ముందూ మాటిచ్చాడు. ఎవ్రార్ ఊఁ అన్నాకే రాయి పడాలని కూడా అన్నాడు.

ఓబేర్ నాలిక అంటే ఆ సీమలో పేరు. ఒక పండగ విందులో బిషప్పుగారు అతని కళ్లకు గంతలు కట్టించి మూడు గిన్నెలు అందించారు. ఏది ఏ చెక్కదో, ఏ ఏటిదో ఓబేర్ మూడు గుక్కల్లో చెప్పేశాడు. బిషప్పుగారు తన ఉంగరం తీసి ఇవ్వబోయారట. సన్యాసికి ఉంగరం ఎందుకని అతను వద్దన్నాడు. వద్దన్న సంగతి మాత్రం అందరికీ తెలిసేలా చూసుకున్నాడు.

గోడ గీత కూడా ఆ నాలికతో గీసిందే. గోడ లోపలిది మఠం ఉన్నన్నాళ్లూ ద్రాక్షతోట. బయటది బార్లీకి, గొర్రెలకి. ఓబేర్ తాడు లాగి, మేకులు కొట్టి, నాలుగు మూలలూ సరిగ్గా కుదిరేలా కొలిచాడు. చూడముచ్చటైన గీత. పై మూల ఒక్క చెక్క మాత్రం దానికి బయట పడింది. దాని పేరు మోకాళ్ల చెక్క. అక్కడ నేల ఎంత ఏటవాలంటే మోకాళ్ల మీద పాకితే తప్ప కలుపు తీయలేరు. కాసేది ఒక్క చిన్న పీపాకి సరిపోయేంతే. దాన్ని లోపలికి తేవాలంటే గోడ వంకర తిరగాలి. పైగా దాని వైను రుచి చూసి ఓబేర్ తేల్చేశాడు. కింద ఉన్న వెన్న చెక్క వైనుకి ఇది నీళ్లు కలిపిన నకలు. నకలు కోసం గోడ వంకర చేస్తారా ఎవరైనా?

వయసులో ఉండగా ఎవ్రార్ మోకాళ్లు అరిగింది ఆ చెక్క మీదే. ముసలాయనకి దాని మీద మమకారం, అందుకే పలకడం లేదని ఓబేర్ అనుకున్నాడు. దానికి మందు ఒక్కటే, ఆయన నోటితోనే చెప్పించాలి. ఒక గిన్నెలో వైను పోసుకుని వాగు ఒడ్డుకి వెళ్లాడు.

ఎవ్రార్ ఆ చలికాలమంతా వాగు దగ్గరే. ఎండ కాస్త పొడగానే గట్టు మీద కూచుని నీళ్లలోంచి గులకరాళ్లు ఏరేవాడు. నున్నగా ఉన్నదాన్ని బాగా కడిగి, నోట్లో వేసుకుని కాసేపు చప్పరించి, కొన్నింటిని ఉమ్మేసేవాడు, కొన్నింటిని అంగీ చేతిలో దాచుకునేవాడు. పళ్లు లేని నోటికి దేవుడు ఇచ్చిన పప్పుబెల్లాలు అని వంటశాలలో బ్రదర్లు నవ్వుకునేవారు.

ఓబేర్ గిన్నె అందించాడు. ముసలాయన రాయి ఉమ్మేసి, నోరు పుక్కిలించి, ఒక గుక్క తాగాడు.

"బాగుంది. ఎవరిది?"

"మీదే, గురువుగారూ. మోకాళ్ల చెక్కది. కిందటేటి పీపా."

ఎవ్రార్ ఇంకో గుక్క తాగాడు. గుమ్మంలో నిలబడ్డ ముక్కూమొహం తెలియని మనిషిని చూసినట్టు గిన్నెలోకి చూశాడు.

"దీన్ని నేనెప్పుడూ చూడలేదే," అన్నాడు.

గిన్నె తిరిగిచ్చేసి మళ్లీ నీళ్లలో చెయ్యి పెట్టాడు.

పళ్లతో పాటు నాలికా పోయిందన్నమాట అనుకున్నాడు ఓబేర్. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. అయినా అదే మాట మఠాధిపతితో కాస్త మెత్తగా చెప్పాడు. మరో పది రోజులు చూద్దాం, అప్పటికీ పలకకపోతే నీ గీత మీదే కట్టించేద్దాం అన్నాడాయన.

ఆ వారంలోనే శనివారం వచ్చింది. కొత్త వైను పొంగు చల్లారాక వచ్చే మొదటి శనివారం.

శనివారం పీపాలు నింపే రోజు. పీపా కొయ్య ఊరుకోదు, లోపలి వైనుని కొద్దికొద్దిగా తాగేస్తుంటుంది. పైన ఖాళీ ఏర్పడితే గాలి చేరుతుంది, గాలి చేరితే పులిసిపోతుంది. అందుకని వారం వారం బిరడా తీసి, అదే చెక్క వైను పక్కన జాడీల్లో దాచింది పోసి, మూతిదాకా నింపి మళ్లీ బిగిస్తారు.

ఓబేర్ దీపం పట్టుకుని పని మొదలుపెట్టాడు. బయట పొగమంచు వాలంతా మింగేసి మెట్ల మీదుగా లోపలికి దిగుతోంది. దీపం చుట్టూ తెల్లటి వలయం. వరసగా పడుకున్న పీపాలు నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు అక్కడొకటి ఇక్కడొకటి బుడగ చిట్లిన చప్పుడు. ఆ మంచులోంచి ఇంకో చప్పుడు వినబడింది. ఎవరో మెట్టు మెట్టుకీ కూలబడి, రెండు చేతుల మీదా ఆనుకుని, కిందికి జరుగుతున్నారు.

ఎవ్రార్. అంగీ నిండా మట్టి. లేపబోతే వద్దన్నాడు. గోడ పట్టుకుని లేచి, శిష్యుడి వెనకాలే పీపా పీపాకీ నడిచాడు.

వరస చివర మోకాళ్ల చెక్క కొత్త వైను పీపా. అన్నిటికన్నా చిన్నది. ఓబేర్ బిరడా తీసి, చేతిలో ఉన్న జాడీనే వంచబోయాడు. పీపా మూతి మీద ముసలాయన అరచెయ్యి వచ్చి పడింది.

"దీనికేం పోస్తున్నావు?"

"వెన్న చెక్కది. ఈ చెక్కకి జాడీలో దాచుకునేంత మిగలదు కదా గురువుగారూ. బక్కది, కాస్త బలం వస్తుందని మంచిదే పోస్తాను."

"ప్రతి శనివారమూనా?"

"ప్రతి శనివారమూ."

ఎవ్రార్ తల ఊపాడు. ఇంకో చెయ్యి అంగీ చేతిలోకి పెట్టి ఒక గులకరాయి తీశాడు. మూతి మీది చెయ్యి తీసి రాయిని లోపలికి వదిలాడు.

టుబుక్.

ఇంకొకటి. ఇంకొకటి. తొందరేమీ లేదు. చీకట్లో ఎక్కడో చాలా లోతున, కలలో తలుపు తట్టినట్టు రాళ్లు అడుగు చేరుతున్నాయి. ఒక్కో రాయికీ వైను వెంట్రుకవాసి పైకి లేస్తోంది. చివరి రాయితో అది మూతి అంచుని తాకి, నల్లగా, నిండుగా, కదలకుండా నిలబడింది. అంచుకి అంటిన చుక్కని ఎవ్రార్ బొటనవేలితో తుడిచి, బిరడా బిగించి, మళ్లీ మెట్ల వైపు నడిచాడు.

ఓబేర్ జాడీ పట్టుకుని అక్కడే ఉండిపోయాడు. చేతిలో వెన్న చెక్క వైను. పోయినేడు పోసిందీ అదే, అటుపోయినేడు పోసిందీ అదే. వాగు ఒడ్డున గురువుగారు అన్న మాట ఇప్పుడు వినబడింది.

ఆ సాయంత్రం తాళాలు అప్పజెబుతూ మఠాధిపతికి విన్నవించుకున్నాడు. గోడ ఎక్కడ కట్టాలో తనకి తెలియదన్నాడు. ఆ పై మూల వైను తను ఇంతవరకూ తాగనేలేదన్నాడు. ఇంకో ఏడాది గడువు కావాలన్నాడు. మఠాధిపతికి కోపం వచ్చింది. మేస్త్రీలకి కబురు వెళ్లింది, రాళ్లు వచ్చి పడి ఉన్నాయి, బిషప్పుగారికి కూడా గీత చూపించేశారు. ఇంత పేరున్న నాలిక ఏమైందని అడిగాడు. చివరికి గడువైతే ఇచ్చాడు, తాళాలు మాత్రం ఆయన నడుముకే వేలాడాయి.

ఏడాదంతా అతను పొద్దున్నే వెళ్లి తాళాలు అడుగుతూనే ఉన్నాడు. పొద్దెక్కాక వాగు గట్టుకి వెళ్లేవాడు. ఏ రుచీ లేని రాయి దొరకడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. పప్పుబెల్లాలు తినేవాళ్లు ఇద్దరయ్యారని వంటశాలలో నవ్వు రెట్టింపయింది.

మళ్లీ చలికాలం, మళ్లీ మంచు. ఓబేర్ చిన్న పీపాలోంచి అర గిన్నె తీసి పైకి తెచ్చాడు. ఎవ్రార్ ఇప్పుడు మంచం దిగడం లేదు. కిటికీ అవతల వాలు లేదు, ఆకాశం లేదు, అంతా ఒకటే తెలుపు.

ఓబేర్ ముందు తను తాగాడు. మొదట ఏమీ తెలియలేదు, ఊట నీళ్లంత చల్లదనం. అది నెమ్మదిగా వెడల్పయింది. తడిసిన రాయి ఆరుతున్న వాసన. మోకాళ్ల కింద కాలే నేల. ఎండలో ఎవరో చాలా పైనుంచి పిలుస్తున్నట్టు సన్నటి పులుపు. మింగేశాక కూడా పిలుస్తూనే ఉంది. వెన్న చెక్క జాడ ఎక్కడా లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు ఎవ్రార్.

ఓబేర్ గిన్నె గురువుగారి పెదవుల దగ్గర పెట్టాడు.

ముసలాయన కళ్లు మూసుకుని తాగాడు. గిన్నెతోనే అన్నాడు.

"వచ్చావా."

వసంతంలో మేస్త్రీలు వచ్చారు. ఎవ్రార్ ఊఁ అన్నాడా అని మఠాధిపతి అడిగాడు. తను అడగలేదని చెప్పి ఓబేర్ మేకులు పట్టుకుని వాలు ఎక్కాడు. పాత మేకు పీకి, మోకాళ్ల మీద పాకుతూ పైదాకా వెళ్లి, అక్కడ దిగ్గొట్టాడు. పెద్ద మేస్త్రి తాడు లాగి, వెనక్కి జరిగి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఈ మూల దగ్గర తాడు వంకర పోతోంది అయ్యగారూ."

"పోనీ," అన్నాడు ఓబేర్.