చెత్తకుప్పకు రాజశాసనం

ఒకప్పుడు వేణుగిరి రాజ్యాన్ని చండవిక్రముడనే రాజు ఏలేవాడు. ఆయనకు తన పేరంటే ప్రాణం. ఆ పేరు చెక్కిన రాయంటే అంతకన్నా ప్రాణం. సత్రం కట్టించినా, చావడి కట్టించినా ముందు శాసనం నిలిపేవాడు. శాసనం నిలిపిన చోట రాజు తొలి భోజనం చేసి, అక్కడి నీళ్ళు తాగాలి. అప్పుడే అది రాజు చేయించిన పని కింద లెక్క. తాతల నాటి ఆచారం అది.

నగరంలోని చెత్తను తూర్పు గుమ్మం పక్కనున్న దొడ్డిలో దించి, అక్కణ్ణుంచి ఎడ్లబండ్ల మీద దూరాన ఉన్న రాతిగుంటకు తోలేవారు. ఆ ఏడు రాజుగారు బండ్లన్నీ తన కొత్త పూలతోటకు మట్టి తోలడానికి లాక్కున్నారు. దొడ్డిలో చెత్త పేరుకుపోయింది. ఆ కంపు పూలతోటకే కొట్టింది.

"దొడ్డి ఎత్తేయండి! చెత్తంతా పక్కనే ఉన్న ఈదులపాలెం మిట్టన పోయండి," అన్నాడు రాజు. కాదన్న మంత్రి ఆ సాయంత్రమే దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది.

కొన్నాళ్ళకు ఈదులపాలెం పోలమ్మ ఖాళీ బిందెతో ఆస్థాన విదూషకుడు బొప్పన గుమ్మం ముందు నిలబడింది.

"అయ్యా, వాన పడితే ఆ మురుగంతా మా బావిలోకే. మాకున్నది ఆ ఒక్క బావే. రాజుగారిని నవ్వించేది తమరేగా, ఒక మాట చెప్పండి!"

"నవ్వినన్నాళ్ళే తల్లీ నా తల నా మెడ మీద ఉండేది," అన్నాడు బొప్పన. పడమట మబ్బు పడుతోంది. ఆ రాత్రి అతనికి కునుకు పట్టలేదు.

మర్నాడు సభలో చేతులు కట్టుకుని అన్నాడు: "ప్రభూ, ఈదులపాలెం మిట్టన ఇంత ఘనకార్యం చేయించి పేరు వేయించకుండా వదిలేశారేమిటి?"

రాజు మీసం దువ్వాడు. "ఇన్నాళ్ళకు నీకు బుద్ధొచ్చిందిరా! బిరుదులన్నీ చెక్కించు. ఒక్కటి తగ్గినా ఊరుకోను."

రాయి నిలిపారు. మేళతాళాలతో పల్లకి మిట్టనెక్కింది. రాజు ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని తన బిరుదులు చదువుకుంటూ మురిసిపోయాడు. వెనక్కి తిరిగేసరికి కుప్ప పక్కనే పీట, అరిటాకు, వడ్డించిన అన్నం. అన్నం మీద ఈగలు.

"ఏమిట్రా ఇది?"

"తొలి భోజనం, ప్రభూ. ఇవి ఈ ఊరి బావి నీళ్ళు." బొప్పన చెంబు ముందుకు చాపాడు.

"ఈ కంపులో నన్ను తినమంటావా!"

"తినకపోతే ఇది తమరు చేయించిన పని కాదని జనం అనుకుంటారు. రాయి మీది పేరు చెరిపించమంటారా?"

మేళం ఆగిపోయింది. కత్తి పట్టుకున్న భటుడు రాజు ముఖంలోకి చూశాడు. బొప్పన నేల చూపులు చూశాడు. చెంబులో ఒక చినుకు పడింది.

రాజు ఆ చెంబును, కుప్పను, దూరంగా బిందెతో నిలబడ్డ పోలమ్మను చూశాడు. ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దొంగవెధవా! నా రాయితోనే నా కాళ్ళు కట్టేశావు గదరా! ఒరేయ్, తోటలో బండ్లన్నీ తోలుకు రండి. వాన ముదిరేలోగా ఈ కుప్ప రాతిగుంటకు చేరాలి. దొడ్డి మళ్ళీ తెరవండి!"

మెడలోని ముత్యాల హారం తీసి బొప్పన మెడలో వేశాడు. "ఇకనుంచి ఆ దొడ్డికి అధికారివి నువ్వే. నీ మధ్యాహ్న భోజనం కూడా రోజూ అక్కడే!"

ఆ తరవాత తూర్పు గుమ్మం దొడ్డిలో చెత్త బొప్పన భోజనం వేళదాకా నిలిచిన రోజు లేదు.