పొన్నమ్మ తోలుగుడ్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఎండ చొరబడని వెదురుపొద ఒకటి. ఆ పొదలో పొన్నమ్మ అనే అడవికోడి కాపురం ఉండేది.

పోయినేడు గద్ద ఆమె పిల్లలన్నిటినీ తన్నుకుపోయింది. పాపం, తల్లి గుండె కదా! ఆ రోజు నుంచి పొన్నమ్మ పొద దాటి అడుగు బయట పెట్టలేదు. "ఈసారి నా పిల్లల్ని ఏ గద్ద కంటా పడనివ్వను" అనుకుంది.

కానీ దాచడానికి పిల్లలుండాలిగా!

మొదటి గుడ్డు పెట్టింది. పెంకు లేని మెత్తటి తోలుగుడ్డు. కాస్త ఒళ్ళు ఆనించగానే చితికిపోయింది. రెండోదీ అంతే. "పెంకుకు సున్నం కావాలి, నేనే సరిగా తినడం లేదు" అనుకుని పొన్నమ్మ పొదలోని నత్తగుల్లలన్నీ పొడిచి పొడిచి మింగింది. కడుపు బరువెక్కింది గానీ మూడో గుడ్డూ దక్కలేదు.

పొన్నమ్మ బావురుమంది. ఆ ఏడుపు విని తాబేలు తాత నింపాదిగా వచ్చాడు.

"ఎందుకమ్మా ఆ ఏడుపు?"

"మూడు గుడ్లు పోయాయి తాతా! గంపెడు నత్తగుల్లలు తిన్నా పెంకు కట్టడం లేదు."

తాత ఆమెను ఎగాదిగా చూశాడు. "కాళ్ళెందుకు ఈడుస్తున్నావ్?"

"ఎముకలు లాగేస్తున్నాయి."

"ఎండ మొహం చూసి ఎన్నాళ్ళయింది?"

"పిల్లలు పోయినప్పటి నుంచీ చూడలేదు తాతా."

"అదీ సంగతి! తిన్న సున్నం వంటబట్టాలంటే ఒంటికి ఎండ తగలాలమ్మా. నా డిప్ప ఇంత గట్టిగా ఊరికే ఉందనుకున్నావా? రోజూ బండ మీద ఎండ కాచుకుంటాను."

ఎండ తగిలితే ఒంట్లో తయారయ్యే ఆ బలాన్నే మనం డి విటమిన్ అంటాం. తాతకు దాని పేరు తెలియదు, పని మాత్రం తెలుసు.

"అమ్మో, గద్ద ఉంది తాతా!"

"ఉంది, కాదనను. కానీ నువ్విలా పొదలో కూర్చుంటే గద్ద రాకుండానే నీ పిల్లలు పోతున్నారు కదమ్మా!"

ఆ మాట పొన్నమ్మకు సూటిగా తగిలింది.

మర్నాడు పొద్దెక్కాక ఆమె గొరవంకలు మేసే గడ్డి దగ్గరకు వెళ్ళింది. "వదినలూ, గద్ద కనిపిస్తే కాస్త కేకేయండి. మీకు పురుగులు కెలికి పెడతాను" అంది. "అదెంత పని! మా నోరు ఎటూ ఊరుకోదు" అన్నాయి గొరవంకలు.

మొదటి రోజు గడ్డి అంచునే నిలబడి కాసేపు ఎండ కాచుకుంది. రెండో రోజు రెక్కలు చాపి హాయిగా దుమ్ములో పొర్లింది. మూడో రోజు "గద్ద! గద్ద!" అని గొరవంకలు గోల చేశాయి. పొన్నమ్మ ఒక్క ఉరుకున తంగేడు పొదలో దూరింది. గద్ద రెండు చుట్లు తిరిగి పోయింది. గుండె ఇంకా దడదడలాడుతుండగానే పొన్నమ్మ మళ్ళీ ఎండలోకి వచ్చింది. ఎంత ధైర్యమో చూడండి!

నెల తిరిగేసరికి కాళ్ళ నొప్పులు తగ్గాయి. ఒక పొద్దున గుడ్డు పెట్టింది. చూడాలంటేనే భయం. మెల్లగా ముక్కుతో తట్టింది. టక్కుమంది! ఊపిరి బిగబట్టి దాని మీద కూర్చుంది. చితకలేదు. ఇంకాస్త బరువు వేసింది. అయినా చితకలేదు.

అమ్మయ్య! పొన్నమ్మ కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. "తాతా, ఇది నన్ను మోస్తోంది!" అని అడవంతా వినపడేలా అరిచింది.

నీతి: భయపడి ఎండకు మొహం చాటేయకూడదు. తగిన జాగ్రత్తతో రోజూ కాసేపు ఎండలో తిరిగితేనే తిన్నది వంటబడుతుంది, ఎముకకు బలం వస్తుంది.