గవ్వలదిబ్బ మీద అలారం బెల్లు

సముద్రం పక్కన గవ్వలదిబ్బ అని ఒక ఊరుంది. ఆ ఊరి తెలివంతా తమ ఇంట్లోనే ఉందని ఒక ఇంటివాళ్ళ నమ్మకం. ఆ ఇల్లు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు, అటు వెళ్తే వాళ్ళే పిలిచి చెప్తారు. ఇంటి పెద్ద పేరు గురువులు. అతని పెళ్ళాం కన్నమ్మ. తమ్ముడు కొర్లయ్య. ఆఖరి తమ్ముడు దానయ్య తెప్పేసుకుని వేటకెళ్తాడు. మిగతా ముగ్గురూ ఇంట్లో కూర్చుని ఆలోచిస్తారు.

వాళ్ళ ఆలోచన ఎలాంటిదో వినండి. రేషను కార్డుకి ఫొటో తీసిన రోజున గురువులు నీలం గళ్ళ చొక్కా వేసుకున్నాడు. ఫొటోలో ఉన్న మనిషొస్తేనే బియ్యం ఇస్తామన్నాడు గుమస్తా. అంతే, పదకొండేళ్ళుగా బియ్యానికి వెళ్ళినప్పుడల్లా అదే చొక్కా. ఇప్పుడు అందులో చొక్కా పోయి గళ్ళే మిగిలాయి. కన్నమ్మది ఇంకా పెద్ద కష్టం. ఆవిడ ఫొటో తీసేటప్పుడు రెప్ప వేసింది. ఇంకేముంది, పదకొండేళ్ళుగా కళ్ళు మూసుకునే రేషను షాపుకి వెళ్తోంది, మరిది చెయ్యి పట్టుకుని. అందుకే తమకి ఒక్క నెల కూడా బియ్యం ఆగలేదని, తెలివి ఉంటే బతుకు ఇలా సాఫీగా సాగిపోతుందని గురువులు అందరికీ చెప్తుంటాడు.

ఇలా ఉండగా, ఊరవతల ఇసక దిబ్బ మీద రేడియో ఆఫీసువాళ్ళు ఒక గది కట్టారు. గదిలో ఒక పెట్టె పెట్టారు. పట్నం స్టేషన్ నుంచి గాలిలో రోజంతా వచ్చే మాటనీ పాటనీ ఆ పెట్టె పట్టుకుని, పక్కనున్న స్తంభం మీద నుంచి వేటకెళ్ళినవాళ్ళకి అందిస్తుంది. ప్రతి పడవలోనూ, తెప్పలోనూ ఒక చిన్న సెట్టు. సముద్రం పోటెత్తుతుందంటే, గాలి మారుతుందంటే ఆ సెట్టులో వినాలి, ఒడ్డుకి రావాలి. ఊళ్ళో మగాళ్ళ ప్రాణాలన్నీ ఆ పెట్టె మీదే ఉన్నాయన్నమాట. దానికి కాపలా ఎవరుంటారని అడిగితే, దిబ్బకి దగ్గరిల్లు కాబట్టి గురువులుని చూపించారు. ఊరివాళ్ళ తెలివీ అంతంతమాత్రమే.

పెట్టె బిగించడానికి రెహానా అనే ఇంజనీరమ్మ వచ్చింది. చెప్పింది చెప్పినట్టు చేస్తారా అని అడిగింది. మీరు చెప్పినదానికి ఆవగింజంత ఎక్కువా చెయ్యం, తక్కువా చెయ్యం అన్నాడు గురువులు. పాపం, ఆవిడ సంతోషించింది.

అప్పుడు ఆవిడ ఓపిగ్గా అన్నీ చూపించింది. పెట్టె తెర మీద ఒక నంబరు కనిపిస్తుంది, అది సిగ్నల్ బలం. ఇప్పుడు యాభైరెండు. ముప్పై కంటే తగ్గితే గోడ మీదున్న బెల్లు మోగుతుంది. సిగ్నల్ ఉన్నా లేకపోయినా, బయటికెళ్ళే మాట పది సెకన్లు ఆగిపోతే అప్పుడూ మోగుతుంది. మోగితే పుస్తకంలో రాయాలి, తనకి ఫోన్ చెయ్యాలి. ఎలా మోగుతుందో చూపించడానికి ఆవిడ పెట్టె వెనకాల యాంటెన్నా తీగ ఊడదీసింది. నంబరు సున్నాకి వచ్చింది, బెల్లు గణగణమంది. తీగ మళ్ళీ పెడితే ఆగిపోయింది. బెల్లు పనిచేస్తోందో లేదో అప్పుడప్పుడు చూసుకుంటూ ఉండమంది. అప్పుడప్పుడంటే ఎప్పుడని కొర్లయ్య పట్టుబట్టాడు. గంటకోసారి చూసుకున్నా తప్పులేదని నవ్వేసి, వేటకెళ్ళేవాళ్ళ దగ్గరికి వెళ్ళింది. సెట్టులో మాట ఆగిపోతే మీకు ఏ కబురూ అందదు, ఒడ్డుకి వచ్చెయ్యండి అని వాళ్ళకి చెప్పి బస్సెక్కింది.

అంతే. మర్నాడు పొద్దున ఆరింటికి కొర్లయ్య తీగ పీకాడు. బెల్లు మోగింది. పనిచేస్తోందని ముగ్గురూ ముచ్చటపడ్డారు. తీగ పెట్టి, పుస్తకంలో రాసి, ఇంజనీరమ్మకి ఫోన్ చేసి బెల్లు మోగిందని చెప్పారు. ఎందుకు మోగిందో చెప్పమని ఆవిడ ముందు చెప్పలేదు కాబట్టి అది చెప్పలేదు. ఏడింటికి మళ్ళీ పీకారు. ఎనిమిదింటికీ పీకారు. చీకటి పడేదాకా పీకుతూనే ఉన్నారు.

ఇక్కడ తీగ పీకినప్పుడల్లా అక్కడ సముద్రంలో సెట్లు మూగబోయాయి. మిగతావాళ్ళు సెట్టు నెత్తిన ఒకటి కొట్టి, కాసేపు చూసి, మాట రాగానే వేటలో పడ్డారు. దానయ్య మాత్రం ఆ ఇంటి బిడ్డ. మాట ఆగింది, ఒడ్డుకి వచ్చేశాడు. వచ్చేసరికి మాట వచ్చింది, మళ్ళీ వెళ్ళాడు. వల విప్పేలోపు ఇంకో గంట అయింది, మళ్ళీ వచ్చాడు. మూడు రోజులు అలా తిరిగి తిరిగి, చేతులు బొబ్బలెక్కి, ఒక్క నెత్తళ్ళ చేప కూడా లేకుండా ఇంటికి చేరాడు. ఇంట్లో మూడు రోజులూ చింతపండు పులుసే. పులుసు పోసుకుంటూ దానయ్య ఆ పెట్టెలో ఏదో లోపముందన్నాడు. నిజమేరా, గంటగంటకీ ఆగిపోతోంది, నేను అన్నీ రాశాను చూడు అని గురువులు పుస్తకం చూపించాడు.

రోజుకి పన్నెండు ఫోన్లు అందుకుని అందుకుని నాలుగోనాడు ఇంజనీరమ్మ పరిగెత్తుకొచ్చింది. మండుటెండలో స్తంభం ఎక్కింది, బోల్టులన్నీ చూసింది, దిగింది, పెట్టె విప్పింది, మూసింది. ఎక్కడా తప్పు లేదు. సరిగ్గా పదకొండింటికి కొర్లయ్య ఆవిణ్ణి కాస్త పక్కకి జరగమని, తీగ పీకాడు. ఆవిడ గది బయటికి వచ్చింది. ఇసకలో కూలబడింది.

తేరుకున్నాక, ఇకమీదట తీగ జోలికి ఎవరూ వెళ్ళొద్దంది. దిబ్బ మీద గాలెక్కువ, ఊరికే బెల్లు మోగి విసిగిస్తుంటే ఈ మర తిప్పి ముప్పైని కొంచెం తగ్గించుకోండి అని ఒక చిన్న మర చూపించింది. ఆవిడ చేసిన తప్పు ఇదొక్కటే. ఈ ఇంటివాళ్ళకి కొంచెం అంటే ఎంతో చెప్పకుండా వెళ్ళకూడదు.

గాలి వీచింది, నంబరు ఇరవైతొమ్మిదికి దిగింది, బెల్లు మోగింది. కొర్లయ్య మర ఇరవైకి తిప్పాడు. ఆగింది. రెండు రోజులకి మళ్ళీ మోగింది. పదికి తిప్పాడు. గురువులు ఆలోచించాడు. సున్నా కంటే తక్కువ ఉండదు కదా, మర సున్నాలో పెడితే సిగ్నల్ ఎప్పటికీ తగ్గినట్టు కాదు కదా అన్నాడు. అంత పెద్ద మాట తన మొగుడి నోట్లోంచి వచ్చినందుకు కన్నమ్మకి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇంకేముంది, మర సున్నాకి వచ్చింది, దిబ్బ మీద ప్రశాంతత వచ్చింది.

నెల తిరిగేసరికి పట్నం నుంచి పెద్దాఫీసరు తనిఖీకి వచ్చాడు. ఆయన పెట్టె చూడలేదు. స్తంభం చూడలేదు. పుస్తకం చూశాడు. మూడు వారాల నుంచి ఒక్క బెల్లు కూడా లేదు. జిల్లా మొత్తం మీద ఇంత గొప్ప స్టేషన్ లేదని గురువులు భుజం తట్టాడు, ఇలాగే బెల్లు మోగకుండా చూసుకోమన్నాడు, కొబ్బరి బొండం తాగి వెళ్ళిపోయాడు. మా ఇంటివాళ్ళవే బుర్రలనుకున్నాం, పైన కూడా ఉన్నాయని గురువులు ఆయన్ని తెగ మెచ్చుకున్నాడు.

ఆ వారంలోనే గట్టిగా గాలేసి స్తంభం మీద యాంటెన్నా మొహం పక్కకి తిప్పుకుంది. నంబరు సున్నా. పట్నం మాట రావడం మానేసింది. సిగ్నల్ బెల్లు ఎలాగూ మోగదు. కానీ మాట ఆగింది కదా, పది సెకన్లకి బెల్లు అందుకుంది. పెద్దాఫీసరు మోగకుండా చూసుకోమన్నాడే. ముగ్గురూ బిక్కచచ్చిపోయారు. ఊళ్ళో తప్పిపోయిన మేకల సంగతీ అవీ చెప్పుకోవడానికి పెట్టెకి ఒక మైకు ఉంది. కన్నమ్మ కంగారులో మైకు ముందుకెళ్ళి, ఏమయ్యా ఇది ఎందుకు మోగుతోంది అంది. బయటికి మాట వెళ్ళింది కదా, బెల్లు టక్కున ఆగిపోయింది.

అంతే, దారి దొరికింది. పడవలు నీళ్ళలో ఉన్నంతసేపూ కన్నమ్మ మాట్లాడాలి, మధ్యలో పది సెకన్లు ఆగకూడదు. ఆవిడకి అదేం కష్టం? పండుగప్ప చేపని ఎలా తోమాలో చెప్పింది, అత్తగారు తనని పెట్టిన ఆరళ్ళు ఏడాదివారీగా చెప్పింది, ఎదురింటావిడ కోడల్ని ఏమందో చెప్పింది. అన్నం తింటూ కూడా చెప్పింది. పడవల్లో మగాళ్ళు పట్నం పాటలకంటే ఇదే బాగుందన్నారు. ఎదురింటాయన ఒక్కడే సెట్టు మీద గోనెసంచి కప్పేశాడు. దానయ్యకి వదిన గొంతు రోజంతా వినిపిస్తూనే ఉంది కాబట్టి భయం లేదు. ఎన్నడూ లేనంత దూరం పోయి, తట్టలు నింపుకొచ్చాడు.

పదోరోజు మధ్యాహ్నం ఆగ్నేయాన ఆకాశం కాటుక పూసినట్టయింది. గురువులు వాకిట్లో నిలబడి దాన్ని చూస్తూ, వానొస్తే దిబ్బ చల్లబడుతుందనుకుంటున్నాడు. అప్పుడు ఇంజనీరమ్మ ఫోన్ వచ్చింది. పొద్దుటి నుంచీ తుఫాను గాలని పట్నంలో చెప్తూనే ఉన్నాం, పడవలన్నీ వచ్చేశాయా అని అడిగింది. రాలేదన్నాడు. బెల్లు మోగలేదు కాబట్టి అంతా బాగానే ఉందన్నాడు.

"నంబరు ఎంతుంది గురువులు గారూ?"

"సున్నా మేడమ్. నిన్నా సున్నాయే, మొన్నా సున్నాయే. ఒక్క పిసరు తగ్గనివ్వలేదు."

మరి పడవల్లో ఏం వినిపిస్తోందని ఆవిడ అడిగింది. కన్నమ్మ అన్నాడు. ముందు ఆవిడ మాటలు ఆపించండి అని అరిచి, తర్వాత ఏం చెయ్యాలో చెప్పబోతుంటే గాలికి లైను తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

గురువులు పరిగెత్తి కన్నమ్మ నోరు మూశాడు. పది సెకన్లకి బెల్లు మోగింది. తర్వాత ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి ముగ్గురూ దాని కింద కూర్చున్నారు. కిటికీలోంచి నల్లటి నీళ్ళు కనిపిస్తున్నాయి. దానయ్యని చిన్నప్పుడు తన భుజాల మీద కూర్చోబెట్టుకుని ఈ నీళ్ళే చూపించేవాడు గురువులు. తల్లి పోయేటప్పుడు ఆ పిల్లాడి చెయ్యి తన చేతిలోనే పెట్టింది. బతుకులో మొదటిసారి గురువులుకి తనకేమీ తెలియదేమోనన్న అనుమానం వచ్చింది. వెక్కి వెక్కి ఏడ్చాడు.

గంట గడిచాక అలల మధ్య ఒక పడవ కనిపించింది. వెనకాల ఇంకోటి. ఆ వెనక పది. వాన మొదలయ్యేసరికి ముప్పైఒక్క పడవలూ, తెప్పలూ ఒడ్డెక్కాయి. అన్నిటికంటే దూరం పోయిన దానయ్య ఆఖర్న వచ్చాడు. గురువులు మోకాలిలోతు నీళ్ళలోకి వెళ్ళి తమ్ముణ్ణి కావిలించుకున్నాడు. మాట ఆగింది కదా, వచ్చేశానన్నాడు దానయ్య. అతనంటే సరే, తక్కినవాళ్ళు ఎందుకొచ్చారని అడిగితే పడవ నడిపే ముసలి సరంగు చెప్పాడు. కన్నమ్మ పదిరోజులుగా ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది, అలాంటి మనిషి నోరు మూతపడిందంటే ఊళ్ళో ఏదో ఘోరం జరిగుంటుందని ఒడ్డుకి తిప్పామన్నాడు.

తుఫాను వెలిశాక ఇంజనీరమ్మ వచ్చింది. తిట్టడానికి కూడా ఓపిక లేదు. యాంటెన్నా తిప్పింది, మరని ముప్పైకి తిప్పి దానికి తాళం వేసింది, తాళంచెవి తన సంచిలో వేసుకుంది. మైకు కూడా పట్టుకుపోయింది. వీళ్ళని మార్చమని ఆఫీసుకి రాస్తే, ముప్పైఒక్క పడవల్ని కాపాడినవాళ్ళని ఎలా మారుస్తామన్నారట. పైగా పెద్దాఫీసరు ఒక ఆర్డరు పంపాడు. గురువులు దాన్ని అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి గోడకి అంటించాడు. "బెల్లు మోగే సమయానికి సముద్రంలో ఒక్క పడవ కూడా ఉండరాదు." ప్రాణం పోయినా ఈ మాట దాటనని, తన తమ్ముడి విషయంలో ఇంకోసారి పొరపాటు జరగనివ్వనని ఒట్టేసుకున్నాడు.

పదిహేను రోజులు బాగానే గడిచాయి. ఒకరోజు పొద్దున పదింటికి ఇంజనీరమ్మ ఫోన్ చేసి, ఇవాళ గాలి మారొచ్చు, జాగ్రత్తగా ఉండమంది. ఆ ఫోన్ పెట్టేశాడో లేదో, నంబరు ఇరవైకి దిగింది. బెల్లు సుత్తి ఒక్కసారి కదిలింది. గురువులు గోడ మీది ఆర్డరు చూశాడు, కిటికీలోంచి సముద్రం చూశాడు. ముప్పైఒకటీ నీళ్ళలోనే ఉన్నాయి. దానయ్యా అక్కడే ఉన్నాడు. ఒక్క ఎగురు ఎగిరి సుత్తికీ గిన్నెకీ మధ్య చెయ్యి పెట్టేశాడు.

అలా నిలబడ్డాడు. సుత్తి టకటకా చేతిమీద కొడుతూనే ఉంది. వేళ్ళు వాచాయి. మధ్యాహ్నం కన్నమ్మ అన్నం ముద్దలు నోట్లో పెట్టింది. చెయ్యి మార్చుకోమంటే, మార్చేలోపు మోగిపోతే పడవల గతేమిటని కసిరాడు. వాకిట్లో కొర్లయ్య పడవలు లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఆ రోజు సముద్రానికి జాలేసిందేమో, వస్తానన్న గాలి రాలేదు. సాయంత్రం ఎప్పటిలాగే పడవలు ఒక్కొక్కటీ వచ్చాయి. దీపాలు పెట్టే వేళకి దానయ్య తెప్ప ఇసకనంటింది.

"అయిపోయాయి అన్నయ్యా, ముప్పైఒకటీ వచ్చేశాయి" అని కొర్లయ్య కేకేశాడు.

గురువులు చెయ్యి తీశాడు. బెల్లు ఊరంతా వినిపించేలా మోగింది. వాచిన వేళ్ళతోనే పుస్తకంలో రాసి, ఇంజనీరమ్మకి ఫోన్ చేశాడు. ఆవిడ హడలిపోయి, ఎప్పటి నుంచి మోగుతోందని అడిగింది.

"పొద్దున పదింటి నుంచీ మోగాలనే చూసింది మేడమ్ గారూ. పడవలన్నీ వచ్చేదాకా నేనే మోగనివ్వలేదు."