హంసకూ హంసకూ నడుమ ఎడం

అనగనగా ఏటి ఒడ్డున ఒక నేతగాళ్ల ఊరు. ఒక ఏడు వరదొచ్చి ఆ ఊరిని ఊడ్చుకుపోయింది. చౌడమ్మ బతికి బయటపడింది. ఆమె అక్క నాగులమ్మ మిగల్లేదు. అక్క కట్టిన నేతపాట మాత్రం చౌడమ్మ నోట మిగిలింది. ఆ పాట ఒకరు చెబుతుంటే మరొకరు పోగులెత్తి నేసేవారు. చీర అంచున జంట హంసలు పుట్టేవి.

చౌడమ్మ కొండలు దాటి, వేరే భాష మాట్లాడే రాజ్యం చేరి, ఆ భాష నేర్చుకుంది. అక్కడి నేతశాలకు పెద్ద ఓబులేసు.

"పున్నమిలోగా నీ పనితనం చూపించమ్మా. నచ్చితే మగ్గం ఇస్తాం. లేదంటే, నీ దారి నీది" అన్నాడు.

ఆమెకు మగ్గం కన్నా హంసల మీదే బెంగ. ఒక్కసారి వాటిని చూస్తే అక్కను చూసినట్టే. ఓబులేసు మగ్గం ముందు కూర్చుంటే, పాటను మాటకు మాట ఆ దేశపు భాషలోకి మార్చి చెప్పింది. ఓబులేసు చెయ్యి ఆగింది.

"'కన్ను ఎత్తు' అన్నావు. కన్నంటే ఎన్ని పోగులు?"

"కన్నంటే కన్నేనయ్యా! మా ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు."

"ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు తల్లీ. ముందే చెప్పాలి."

ఇక ఆ మాట తెలిసినవాళ్లు ఎక్కడున్నారు? చౌడమ్మ కళ్లు తుడుచుకుని, "నాలుగు పోగులు" అంది.

రెండోనాడు ఓబులేసు చెయ్యి మళ్లీ ఆగింది. "పొద్దున రెక్క అంటే అరవై పోగులన్నావు. ఇప్పుడేమో తెల్లరంగు అంటున్నావు. మా దగ్గర ఒక పేరుకు ఒకటే అర్థం." చౌడమ్మ రంగుకు వేరే పేరు పెట్టింది. అంచున ఒక హంస లేచింది.

మూడోనాడు పాట "ఎడం విడువు" దగ్గరికొచ్చింది. హంసకూ హంసకూ నడుమ ఎంత ఎడం? అక్క చెప్పలేదు, తను అడగలేదు.

"ఏదో ఒక అంకె చెప్పెయ్ చెల్లెమ్మా, ఎవరికి తెలుస్తుంది? రేపే పున్నమి" అన్నాడు పక్క మగ్గం వీరన్న.

"నాకు తెలుస్తుంది" అంది చౌడమ్మ. ఓబులేసు వైపు తిరిగి, "అయ్యా, ఈ మాటకు అర్థం నాకు తెలియదు" అని ఒప్పుకుంది.

ఓబులేసు కోప్పడలేదు. "మీ అక్క దేంతో కొలిచేదో గుర్తు తెచ్చుకో తల్లీ."

చౌడమ్మ కళ్లు మూసుకుంది. మొదటి హంస పూర్తికాగానే అక్క చౌడమ్మ చేతిని లాగి బట్ట మీద పెట్టుకునేది. "చిన్నప్పుడు నాలుగు వేళ్లు పట్టేది. పెద్దదానివయ్యావే, ఇక మూడు చాలు" అని నవ్వేది.

ఇన్నాళ్లూ ఆ కొలత తన చేతిలోనే ఉంది!

చౌడమ్మ మూడు వేళ్లు ఆనించి లెక్కపెట్టింది. తొంభై పోగులు. మగ్గం కదిలింది. పున్నమినాటికి రెండో హంస మొదటిదాని వైపు తిరిగి నిలిచింది. ఓబులేసు ఆమెకు మగ్గం ఇచ్చాడు. నాటి నుంచి ఎవరికి ఆ పాట నేర్పినా, ముందు ప్రతి పేరుకూ అర్థం చెప్పి, తర్వాతే పాట ఎత్తుకునేది.

మనకు తెలిసిన మాట లోకమంతటికీ తెలుసనుకోకూడదు; తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకున్నవారికే దాని అర్థం దొరుకుతుంది.