కొవ్వు రాసే అవ్వ

ఒక పిల్ల పేగులో ఒక అమీబా చేరింది. దానికి కాళ్లు లేవు, చేతులు లేవు. ఎటు పోవాలంటే అటు ఒళ్లు సాగేది. అలా సాగదీసేది లోపలి పనివాళ్లు.

ఆ పనివాళ్లను సిద్ధం చేసేది అమీబా లోపలే ఉండే ఒక అవ్వ. పుట్టిన ప్రతివాణ్ణీ కాళ్లమీద పడుకోబెట్టుకుని, చంటిబిడ్డకు నూనె రాసినట్టు, ఇంత కొవ్వు రాసి పంపేది. కొవ్వు తగిలినవాడు వెళ్లి అమీబా పైపొరకు అంటుకునేవాడు. అక్కణ్ణించి చెయ్యి చాచి పేగు గోడను పట్టుకునేవాడు. పట్టుకున్న చోటల్లా పుండు.

పిల్ల మెలికలు తిరిగిపోతోంది. నెత్తురు పడుతోంది.

గోడ అవ్వను పిలిచింది.

"నీ పిల్లలు నన్ను తినేస్తున్నారు, అవ్వా."

"నేనేం చేశానమ్మా? గడప దాటి ఎరగను. పిల్లలకు ఒళ్లు రుద్దుతాను, అంతే."

"కత్తులు నూరేవాడూ అదే అంటాడు. ఆ రుద్దుడు మాని చూడు."

"మానితే వాళ్లు దేన్ని పట్టుకుని బతుకుతారు?"

"నాకు చిల్లు పడితే ఈ పిల్ల దక్కదు. నువ్వూ పిల్లలు గలదానివే."

అవ్వ రుద్దే చెయ్యి ఆపింది.

"మరి మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటావ్?"

"ఎక్కడికైనా పోండి. ఇక్కడ వద్దు."

అవ్వ చేతులు కడుక్కుంది. కొవ్వు అంటని పనివాళ్లు లోపలే తేలుతూ ఉండిపోయారు. అమీబా పట్టు జారింది. చుట్టూ గట్టి పెంకు కట్టుకుని, మలంతోపాటు బయటపడింది. వాన దాన్ని మురిక్కాలవలోకి తోసింది. కాలవ నీళ్లు పగిలిన కుళాయి గొట్టంలోకి దిగాయి. పక్కింటి పిల్ల కుళాయి తిప్పి దోసిలి పట్టింది.

ఆ పిల్ల కడుపులో పెంకు పగిలేసరికి పనివాళ్లు ఆకలితో నకనకలాడుతున్నారు.

"అవ్వా, మా మీద కోపమా?" అన్నాడొకడు.

అవ్వ వాణ్ణి కాళ్లమీదకు లాక్కుంది. చెయ్యి కొవ్వులో ముంచింది.

"ఆగు తల్లీ," అంది కొత్త గోడ. "ఇంకా పాలపళ్లు కూడా ఊడని పిల్ల. ఇక్కడ వద్దు."

"మొన్నటి ఇంటి గోడా అచ్చం ఇలాగే ఏడ్చింది," అంది అవ్వ రుద్దుతూనే. "ఆవిడ మాట విన్నాం గనకే నీ దగ్గరికొచ్చాం."

ఆ పూట మొదటి పిల్ల లేచి కూర్చుంది. చారన్నం తిని, మారు వడ్డించమంది. వాళ్లమ్మ కళ్లు తుడుచుకుంటూ వడ్డించింది. పక్కింట్లోంచి ఏడుపు వినిపిస్తే, లేచి వెళ్లి తలుపు వేసి వచ్చింది.